చలి ప్రాంతంలో చిన్న పెరడు: ఏ పండ్ల చెట్లు పెట్టుకోవచ్చు?

కొత్తపాదు:
మా పెరడు ఏడు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. చలికాలంలో నేల గడ్డకడుతుంది. ఆపిల్, చెర్రీ, వీలైతే ఒక పియర్ పెట్టాలని ఎన్నాళ్లుగానో కోరిక. కొమ్మలు పక్కవారి గోడ దాటకూడదు. ఏ రకాలు తీసుకోమంటారు?

ఆపిల్‌తోడు:
రకం సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ మొక్కను ఏ వేరుమూలం (అంటు మొక్కకు వేళ్లనిచ్చే కింది భాగం) మీద అంటు కట్టారో అడగండి. చెట్టు ఎత్తును ప్రధానంగా తేల్చేది అదే. ఆపిల్ వేరుమూలాల్లో ఎం27 మీది చెట్టు రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది, ఎం9 రెండున్నర నుంచి మూడు మీటర్లు. ఎంఎం106 అయితే నాలుగు మీటర్లకు చేరుతుంది. మొదట నేను మొక్క చీటీ మీద ‘పొట్టి చెట్టు’ అని ఉంటే నమ్మి తెచ్చాను. ఆరేళ్లలో అది వంటగది కిటికీని పూర్తిగా కమ్మేసింది. కాపు మొదలైన చెట్టును కొట్టించాల్సి వచ్చింది, ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పుడున్నది ఎం9. దాని వేళ్లకు పట్టు తక్కువ, ఊతకర్ర ఎప్పటికీ తీయకూడదు. పాదులో గడ్డి కూడా పెరగనివ్వకండి.

మట్టిచేతులు:
నాటేటప్పుడు అంటు బుడిపె (వేరుమూలానికి పైకొమ్మ అతికిన చోటు) నేలకు పైనే ఉండాలి. నేను దాన్ని మట్టితో కప్పేశాను. పైకొమ్మ సొంతంగా వేళ్లు వేసుకుంది, ఇక పొట్టిదనం ఎక్కడిది!

తేనెటీగ:
ఆపిల్ ఒక్కటే పెడితే చాలా రకాలు సరిగా కాయవు. ఒకే సమయంలో పూసే మరో రకం దగ్గరలో ఉండాలి, పక్కింటి చెట్టయినా ఫరవాలేదు. అయితే బ్రామ్లీ, జోనగోల్డ్ అనే ఆపిల్ రకాల పుప్పొడి ఇతర చెట్లకు పనికిరాదు. చెర్రీలోనూ చాలా తీపి రకాలకు తోడు కావాలి, కానీ 1968లో కెనడాలో విడుదలైన స్టెల్లా రకానికి ఆ చింత లేదు: తన పుప్పొడితోనే కాస్తుంది. చెర్రీని పొట్టిగా ఉంచే జిసెలా 5 వేరుమూలం మీదున్నది అడగండి. పియర్‌కైతే క్విన్స్ (పియర్‌కు దగ్గరి బంధువైన పండ్ల చెట్టు) వేరుమూలం.

ఆపిల్‌తోడు:
చెర్రీ పండాక పిట్టలకు ఒక్క ఉదయం చాలు. వల కప్పగలిగేంత ఎత్తులోనే ఉంచండి.

మంచుపూత:
ఎవరూ పూత మాట ఎత్తలేదు. చలికాలపు చలిని ఈ చెట్లు తట్టుకుంటాయి, నిజానికి ఆ చలి వాటికి అవసరం కూడా. దెబ్బతీసేది వసంతంలో, పూత విచ్చుకున్నాక పడే మంచు. మైనస్ 2 డిగ్రీలకే పూలు మాడడం మొదలవుతుంది. చల్లగాలి బరువు కనుక పల్లంలో నిలుస్తుంది. అలాంటి మూలలో పెట్టిన నా పియర్ మూడేళ్లు ఒక్క పిందె నిలపలేదు. ఆపిల్ కంటే పియర్ ముందుగా పూస్తుంది, అందుకే దానికి మధ్యాహ్నపు ఎండ పడే గోడ వారను ఇవ్వండి. మంచు పడే రాత్రి పలుచటి గుడ్డ కప్పి, తేనెటీగలు రావడానికి పొద్దున తీసేయండి.

కొత్తపాదు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం వెళ్లి చూస్తే కంచె మూలన మంచు ఇంకా కరగలేదు. అక్కడ ఏమీ నాటను. ఎం9 మీద రెండు ఆపిల్ రకాలు, జిసెలా 5 మీద స్టెల్లా. గోడకు ఆనించి పియర్ పెంచాలంటే కొమ్మలు ఏ వయసు నుంచి కట్టాలి?

మంచుపూత:
మొదటి ఏడాది నుంచే. లేత కొమ్మే వంగుతుంది.