టర్కీ కోడిని తెలుగులో ఏమందాం?

పోయిన నవంబరులో, టర్కీ కోడి వండుకునే అమెరికావాళ్ళ థాంక్స్ గివింగ్ పండగకి, మా మనవరాలు న్యూజెర్సీ నుంచి వీడియో కాల్ చేసి, "అమ్మమ్మా, టర్కీని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. వెనకాల వంటింట్లో మా అమ్మాయి 14 పౌండ్ల పక్షిని బల్లమీద పెట్టుకుని అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పెరుగు కలిపి పట్టిస్తోంది. గడ్డకట్టిన ఆ పక్షికి మంచు వదలడానికే ఫ్రిజ్‌లో మూడు రోజులు పట్టిందట. "టర్కీ కోడి అంటాం" అన్నాను. "అది ఇంగ్లీషేగా!" అంది పిల్ల. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాట దగ్గర ఆగిపోవడం మనసుకు పట్టలేదు. అప్పటినుంచి దీని వెంటే పడ్డాను. ఈ ప్రశ్న మన గుంపులో పెడితే కొందరు తమ మాటలు రాశారు, ఇంకొన్ని ప్రశ్నలూ అడిగారు. వాటికి జవాబులతో పాటు నాకు దొరికింది మీ ముందు పెడుతున్నాను.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకరింట్లో ఒంటినిండా తెల్లచుక్కలున్న కోళ్ళుండేవి. కొత్తమనిషి వీధిలోకి వస్తే చాలు, ఊరంతా వినపడేలా అరిచేవి. అమ్మమ్మ వాటిని సీమకోళ్ళు అనేది. అవి గిన్నికోళ్ళని నాకు తర్వాత తెలిసింది. ఒకసారి క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో తోకను విసనకర్రలా విప్పుకుని తిరుగుతున్న పెద్ద పక్షిని చూపించి "ఇదేమిటి?" అంటే, దాన్నీ సీమకోడే అంది. రెండు వేరు పక్షులకు ఒకే పేరేమిటి, అమ్మమ్మ పొరబడింది అనుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే ఇంగ్లీషువాళ్ళు చేసిందీ సరిగ్గా అదే.

గిన్నికోడి పుట్టిల్లు ఆఫ్రికా. టర్కీ వర్తకుల ద్వారా వచ్చేది కాబట్టి ఇంగ్లండులో దాన్ని టర్కీ కోడి అనేవారు. 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్‌వాళ్ళు మెక్సికో నుంచి ఇంకో పెద్ద కోడిని యూరప్‌కి తెచ్చారు. ఈ రెండూ జనం నోట కలిసిపోయాయి. చివరికి ఆఫ్రికా కోడికి అక్కడి పడమటి తీరమైన గినీ పేరు మిగిలింది, అమెరికా కోడికి టర్కీ పేరు అంటుకుంది. శాస్త్రవేత్తలు కూడా ఈ కలగాపులగాన్ని దాటలేదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ అమెరికా పక్షికి పెట్టిన పేరు మెలియాగ్రిస్ గాలోపావో. అందులో మెలియాగ్రిస్ అనేది గ్రీకులు గిన్నికోడికి వాడిన మాట. గాలోపావోలో కోడీ నెమలీ కలిసి ఉన్నాయి.

మరి టర్కీ దేశంవాళ్ళు దాన్నేమంటారు? హిందీ అంటారు, అంటే ఇండియాది అని. ఫ్రెంచివాళ్ళ దాఁద్ కూడా "ఇండియా నుంచి వచ్చింది" అనే. రష్యన్లది ఇండేయ్కా. డచ్చివాళ్ళు ఏకంగా ఊరు పేరే పెట్టారు: కాల్కూన్, అంటే కాలికట్ కోడి. మన కోజికోడే! డచ్చివాళ్ళతో పాటు ఆ మాట సింహళంలోకి వెళ్ళి కళుకుమ్ అయింది. ఈజిప్టులో అది రూమీ కోడి, అంటే రోము రాజ్యపుది. పోర్చుగీసువాళ్ళకు పెరూ. ఎవరికి వారు అది వేరే ఎవరి దేశానిదో అనుకున్నారు. ఎక్కడి మెక్సికో, ఎక్కడి కాలికట్! సొంత ఊరి పేరు నిలబడింది మెక్సికోలోనే. అక్కడి స్పానిషులో దాన్ని గ్వహలోతె అంటారు. అది నావాతుల్ భాష మాట, ఆ పక్షిని మొదట మచ్చిక చేసినవాళ్ళ నేల మాట.

మన దేశంలో ఈ పక్షిని చూసి రాసినవాళ్ళలో జహంగీర్ చక్రవర్తి ముందుంటాడు. 1612లో ఆయన కొలువులోని ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి కొన్ని వింత జంతువుల్ని పట్టుకొచ్చాడు. అంతవరకు తాను చూడనివనీ, పేర్లు కూడా ఎవరికీ తెలియవనీ జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వాటిలో ఒకటి ఇదే. ఆడనెమలి కంటే పెద్దది, మగనెమలి కంటే చిన్నది, నెమలిలాగే పురివిప్పి ఆడుతుంది, తలా మెడా ఊసరవెల్లిలా రంగులు మారుస్తాయి అని వర్ణించాడు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ కూడా వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పేరు తెలియకపోయినా అంత శ్రద్ధగా చూసి రాసిన ఆ వర్ణన అంటే నాకు ఎంతో ఇష్టం.

ఇక మన మాటకు వద్దాం. సీమచింతకాయ ఎక్కడిది? అదీ మెక్సికో వైపుదే. సముద్రం దాటి వచ్చినదానికి మనవాళ్ళు "సీమ" తగిలించారు. సీమ అంటే ఇంగ్లండా, మెక్సికోనా అని ఆరా తీయలేదు, "ఇక్కడిది కాదు" అని చెప్తే చాలనుకున్నారు. ఇంగ్లీషు టర్కీ, ఫ్రెంచి దాఁద్ చేసే పని కూడా ఇదే. తేడా ఏమిటంటే వాళ్ళ మాటలు తప్పు ఊరి పేరు చెప్తాయి, మన సీమ ఏ ఊరి పేరూ చెప్పదు కాబట్టి తప్పు కాలేదు. అందుకే సీమకోడికి నా ఓటు. గిన్నికోడికి గిన్నికోడి ఎలాగూ ఉంది.

"సీమకోడి అంటే ఈకాలం పిల్లలు రాయలసీమ కోడి అనుకుంటారేమో" అని ఒకరు రాశారు. ఆలోచించాల్సిన మాటే. కానీ రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో స్థిరపడింది. విదేశీ అన్న అర్థంలో సీమ అంతకు ముందునుంచే ఉంది. సీమచింతకాయను రాయలసీమ చింతకాయ అని ఎవరూ అనుకోవడం లేదు కదా.

ఇంకొకరు, తమిళంలో వాన్కోళి అనే చక్కటి మాట ఉంది, దాన్నే తెచ్చుకోవచ్చుగా అన్నారు. ఆ మాట నాకూ నచ్చింది. పాతకాలపు తమిళ కవయిత్రి అవ్వైయార్ పద్యం ఒకటి తమిళ పిల్లలు బళ్ళో చదువుతారు. అడవిలో నెమలి ఆడుతుంటే చూసి, తానూ నెమలినే అనుకుని వాన్కోళి తన వికారపు రెక్కలు విప్పి ఆడినట్టుంటుందట చదువులేనివాడు చెప్పే కవిత. కానీ ఒక చిక్కుంది. ఆ అవ్వైయార్ 12వ శతాబ్దం నాటి ఆవిడ అంటారు. ఈ పక్షి అమెరికా దాటింది 16వ శతాబ్దంలో. కాలం అదే అయితే, పద్యంలో వాన్కోళి మరో పక్షి అయివుండాలి, కొత్త పక్షి వచ్చి పాత పేరు ఎక్కి కూర్చుని ఉండాలి. మా అమ్మమ్మ సీమకోడి కథే ఇక్కడా!

థాంక్స్ గివింగ్‌ను "కృతజ్ఞతా దినం" అనొచ్చా అని అడిగినవారికి కాస్త వివరంగా చెప్తాను. ఇంగ్లీషులో కృతజ్ఞతను ఇస్తారు. మన బైబిలులో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది. చెల్లించడం అప్పు తీర్చేటప్పటి మాట. ఇళ్ళల్లో కూడా "మీ రుణం తీర్చుకోలేను" అంటాం. ఇక కృతజ్ఞత అన్న మాటను విడదీస్తే, చేసినదాన్ని ఎరిగి ఉండటం అని అర్థం. ఈ పండగకి అంతకన్నా సరైన మాట నాకు కనిపించదు, ఎందుకంటే ఈ పండగలో ఎరగాల్సింది చాలా ఉంది.

ఈ పండగకు మూలమని చెప్పే విందు ఇది: 1621 శరత్కాలంలో అమెరికాలోని ప్లిమత్‌లో, వలసవచ్చి బతికి బయటపడిన యాభైమంది దాకా ఇంగ్లీషువాళ్ళు, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ తెగవాళ్ళు తొంభైమంది మూడురోజులు కలిసి భోంచేశారు. వాంపనోగ్‌లు అయిదు జింకల్ని తెచ్చారు. ఆ విందు గురించి ఆ వలసవాళ్ళలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో పక్షుల వేట ఉంది గానీ టర్కీ పేరు విడిగా లేదు. దాన్ని పండగ పళ్ళెంలో స్థిరంగా కూర్చోబెట్టింది 19వ శతాబ్దం. పత్రికా సంపాదకురాలు సారా జోసెఫా హేల్ దేశమంతటికీ ఒకే పండగ రోజుండాలని ఏళ్ళ తరబడి రాసింది. 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, అధ్యక్షుడు లింకన్ దేశమంతటికీ ఆ పండగను ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారం అని చట్టం వచ్చింది 1941లో. గుడ్లకోసం కోడినీ పాలకోసం ఆవునీ ఉంచుకునే రైతింట్లో, ఒక్క పక్షితో ఇంటిల్లిపాదికీ సరిపోవడం టర్కీకి కలిసొచ్చింది. 1970 నుంచి అదే ప్లిమత్‌లో అదేరోజున మూలవాసులు శోకదినం పాటిస్తున్నారు. వాళ్ళకు జరిగింది కూడా "కృతమే". అదీ ఎరిగి ఉండాలి. మా అమ్మాయికి ఈ మాట చెప్పాను, పిల్లకు కూడా చెప్పమన్నాను.

చివరగా వంట మాట. టర్కీ కడుపులో బ్రెడ్ ముక్కలు, ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకు కలిపి పెట్టేదాన్ని స్టఫింగ్ అంటారు. పక్షిలో పెట్టకుండా పళ్ళెంలో విడిగా కాల్చితే దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు డ్రెస్సింగ్ అంటారు. మనకు క్రియ బంగారంలాంటిది ఉంది: కూరడం. గుత్తివంకాయలో కారం కూరతాం, కాకరకాయలో ఉల్లికారం కూరతాం. కానీ ఆ కూరే ముద్దకు నామవాచకం మా ఇంట్లో లేదు, "వంకాయలోకి కారం" అనే అనేవాళ్ళం. మీ ఇళ్ళల్లో దానికి విడిగా పేరేమైనా ఉంటే జిల్లా పేరుతో సహా రాయండి. ఇది మా మనవరాలు అడిగింది కాదు, నేనే అడుగుతున్నాను.