సమస్య: కాలిపోయిన పొత్తముల్ కబురులాడె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి; పై సమస్యను చివరి పాదంగా ఉంచి పద్యం పూరించాలి. విషయం కూడా ఇస్తున్నాను: జర్మన్ వ్యంగ్య రచయిత కుర్ట్ టుఖోల్‌స్కీ (1890–1935). బెర్లిన్‌లో పుట్టి, వెల్ట్‌బ్యూనె వారపత్రికలో సైన్యాన్నీ న్యాయమూర్తులనూ నాజీలనూ ఏకిపారేసినవాడు. కాలిపోయినవి మాట్లాడటం అసంభవం. ఆయన జీవితంలోంచే దాన్ని సంభవం చేయండి.

గోదారి గాలి:
మంటఁ గలిపిరి బెర్లిను మాటకారి
వ్రాతలన్నియు, బూడిద వదలి లేచి
చదువువారల పెదవులఁ జక్కనమరి
కాలిపోయిన పొత్తముల్ కబురులాడె

పాత ఛందస్సు: ధార బాగుంది. పుస్తకాలను పాఠకుల పెదవుల మీదికి చేర్చడంతో చిక్కు విడిపోయింది. కానీ నాజీలు తగలబెట్టిన పుస్తకాల రచయితల్లో ఎవరికైనా ఈ పద్యం సరిపోతుంది. 1933 మే 10న బెర్లిన్ ఒపేరా కూడలిలో విద్యార్థులు రచయితల పేర్లు అరుస్తూ పుస్తకాలు మంటల్లో వేశారు. టుఖోల్‌స్కీ పేరునీ, ఆయన మిత్రుడు ఒస్సియెట్స్కీ పేరునీ జంటగా అరిచారు. ఆ కేక ఇందులో వినపడలేదు.

కొత్త కలం:
నవ్వుతో నియంత పయిని బాణ మేసె
సైన్యమును గూడ వదలక సత్యమాడె
కోర్టులో నాతఁ డోడఁడు, కూలెఁ గేసు
కాలిపోయిన పొత్తముల్ కబురులాడె
మొదటి పాదంలో గణాలు సరిపోయాయి కదా, యతి సంగతి చెప్పండి.

నిర్వాహకుడు: గణాలు సరే. యతి కుదరలేదు, పాదం మొదటి అక్షరం 'న'కు నాలుగో గణం మొదటి అక్షరం 'బా' చెల్లదు. భావంలోనూ ఇబ్బంది ఉంది. హిట్లర్ గద్దెనెక్కేనాటికే టుఖోల్‌స్కీ పత్రికలకు రాయడం దాదాపు మానేశాడు. ఆయన కలం ఝళిపించింది అంతకుముందే. 'నవ్వుబాణము లేసెను నాజులపయి' అంటే రెండూ తీరతాయి.
మూడో పాదం ఇంకా ముఖ్యం. 'సైనికులు హంతకులు' అని 1931లో రాసింది టుఖోల్‌స్కీయే, కానీ బోనెక్కింది వెల్ట్‌బ్యూనె సంపాదకుడు ఒస్సియెట్స్కీ. 1932లో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. 'కోర్టులో మిత్రుఁ డోడఁడు' అనండి. మిత్రుడు తన మాటకు జవాబు చెప్పుకోవలసి వచ్చిందన్న బాధ కూడా ఆ ఒక్క మాటలో పడుతుంది.

మానేరు తీరం:
ఐదు పేరుల నొకఁడైన యట్టివాని
పౌరసత్వము లాగిరి పగను బూని;
మౌనమూనెను స్వీడను మట్టిలోన;
కాలిపోయిన పొత్తముల్ కబురులాడె

పాత ఛందస్సు: ఇదీ టుఖోల్‌స్కీ పద్యమంటే! సొంత పేరు కాక పీటర్ పాంటర్, టియోబాల్ట్ టీగర్, ఇగ్నాట్స్ వ్రోబెల్, కాస్పర్ హౌజర్ అన్న నాలుగు కలం పేర్లు. చిన్న పత్రికలో ఒకే మనిషి నాలుగుచోట్ల కనిపిస్తే బాగుండదని ఆ ఏర్పాటు. అలాంటివాడు స్వీడన్‌లో మూగబోయి, నిర్బంధ శిబిరంలో ఉన్న ఒస్సియెట్స్కీకి నోబెల్ శాంతి బహుమతి రావాలని ఉత్తరాలు రాస్తూ గడిపాడు. 1935 బహుమతిని 1936లో ప్రకటించారు. అప్పటికి టుఖోల్‌స్కీ లేడు. మనిషి మౌనం, పుస్తకాల మాట పక్కపక్కనే పెట్టడంతో సమస్య దానంతటదే తీరింది.
ఒక్క సవరణ. 'పగను బూని' యతి కోసం వచ్చినట్టుంది. పౌరసత్వం పోయింది 1933 ఆగస్టులో, నాజీ ప్రభుత్వం పౌరసత్వం రద్దు చేసినవారి మొట్టమొదటి జాబితాలోనే. 'పౌరసత్వము లాగిరి ప్రభువు లపుడె' అంటే ఎవరు లాగారో, ఎంత తొందరగా లాగారో తెలుస్తుంది. ఈ మార్పుతో నా ఓటు దీనికే.