చేబదులుకు నోటు అడగవచ్చునా?

అనంతపురం ఉపాధ్యాయుడు (ప్రశ్న వేసినవారు)

మా ఇద్దరిదీ పాతికేళ్ల స్నేహం. రెండు సంవత్సరాల ఎనిమిది నెలల క్రితం ఉన్న రెండు బోర్లూ ఎండిపోయి చీనీ (బత్తాయి) చెట్లు వాడిపోతుంటే, మూడో బోరు వేయించుకోవడానికి నా మిత్రునికి 1,50,000 రూపాయలు చేబదులుగా ఇచ్చాను. అందులో లక్ష బ్యాంకు ఖాతా నుంచి పంపాను, యాభై వేలు చేతికిచ్చాను. వడ్డీ మాట అనుకోలేదు, కాగితమూ రాసుకోలేదు. 800 అడుగులు దిగినా ఆ బోరులో దుమ్మే వచ్చింది. ఆయన ఎగవేసే మనిషి కాడని నాకు తెలుసు. పండుగకు మా ఇంటికి వస్తాడు, ఆ సంగతి ఎత్తకుండానే భోంచేసి వెళతాడు, నేనూ ఎత్తను. మూడేళ్లు నిండితే బాకీ చెల్లకుండా పోతుందని, అంతలోగా నోటు రాయించుకొమ్మని ఇప్పుడు ఇంట్లో పోరు పెడుతున్నారు. ఇచ్చిననాడు అడగని నోటును ఇప్పుడు అడిగితే ఆయనను అనుమానించినట్లు కాదా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగోరుతున్నాను.

తాడిపత్రి రైతు

అడగకూడదని నా అభిప్రాయం. మా పల్లెల్లో నోటు అన్న మాటకు ఒక చరిత్ర ఉంది, అది పట్నంలో ఉన్నవారికి అంతగా తెలియదు. విత్తనానికి, ఎరువుకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి, అంటే సంవత్సరానికి ఇరవై నాలుగు శాతానికి తెచ్చిన డబ్బు, శెనక్కాయ పంట ఎండిన ఏడు తీరదు. గడువు దగ్గరపడగానే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తారు, మరుసటి ఏడు ఆ వడ్డీకి వడ్డీ మొదలవుతుంది. వడ్డీ వ్యాపారి ముందు కూర్చొని రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టిన రైతుకు, అదే కాగితాన్ని స్నేహితుడు చాపితే ఏమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. పోయినా పరవాలేదనుకున్నంత మేరకే స్నేహితునికి ఇవ్వాలి. మీరు అంతకు మించి ఇచ్చారు, ఆ పొరపాటుకు ఆయన సంతకం పరిహారం కాదు.

కర్నూలు, కోర్టు గుమాస్తాగా విశ్రాంతి పొందినవాడిని

మనసుల సంగతి ఇతరులు చెబుతారు, నేను లెక్క చెబుతాను. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి చేబదులుకు దావా వేసే గడువు డబ్బు ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లు. మీరు అడిగిన నాటి నుంచి కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. గడువు లోపల బాకీదారు బాకీ ఉన్నానని ఒప్పుకొని రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అందుకు ప్రామిసరీ నోటే కానవసరం లేదు, ఆయన స్వహస్తంతో రాసిన ఉత్తరమైనా సరిపోతుంది. గడువు దాటినంత మాత్రాన బాకీ చచ్చిపోదు, దావా మాత్రమే నిలవదు. 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం, గడువు మీరిన బాకీనైనా చెల్లిస్తానని బాకీదారు రాసి సంతకం పెడితే అది చెల్లుతుంది. కాబట్టి ఇంట్లోవారు భయపడుతున్నట్లు ఆ ఒక్క రోజుతో అన్నీ ముగిసిపోవు. కాకపోతే ఆ తర్వాత పూర్తిగా ఆయన దయ మీద ఆధారపడతారు.

ఇంకో రెండు సంగతులు. నోటే రాయించుకుంటే అందులో 'వడ్డీ లేదు' అని స్పష్టంగా రాయించండి, ఎందుకంటే నోటులో వడ్డీ రేటు లేనప్పుడు ప్రామిసరీ నోట్లకు, చెక్కులకు సంబంధించిన 1881 నాటి చట్టం ఏడాదికి పద్దెనిమిది శాతంగా లెక్కగట్టమంటుంది. రెండోది ఆ యాభై వేల నగదు. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. జరిమానా ఇచ్చినవారికి కాదు, పుచ్చుకున్నవారికి, అదీ పుచ్చుకున్నంత మొత్తం. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది గాని, జీతగాడైన మీకు అది వర్తించదు. తగిన కారణం చూపితే జరిమానా తప్పవచ్చు. అయినా, నగదుగా అందిందని ఆయన రాసిచ్చే కాగితం ఆయన మెడకే చుట్టుకోగలదని తెలిసి అడగండి.

కడప గృహిణి

నా భర్త చనిపోయిన తర్వాత ఆయన జేబు డైరీ ఒకటి దొరికింది. అందులో ఏడు పేర్లు, పేర్ల పక్కన అంకెలు. ఒక పేరు ఎదురుగా '40' అని మాత్రమే ఉంది. అది నలభై వేలో, నాలుగు వేలను తొందరలో అలా రాశారో, ఇచ్చినదో, తెచ్చుకున్నదో నాకు తెలియదు. అడిగితే ఆ మిత్రుడు తాను ఎప్పుడో ఇచ్చేశానన్నారు. అబద్ధమని నేను అనలేను, నిజమని నమ్మడానికీ ఆధారం లేదు. డైరీలో పేరే లేని మరొకరు పదకొండో రోజున వచ్చి, తాను తీసుకున్నానంటూ పాతిక వేలు నా చేతిలో పెట్టి వెళ్లారు. తాడిపత్రి రైతు గారు చెప్పిన బాధను నేను కాదనను. కాని కాగితం ఆ ఇద్దరు స్నేహితుల కోసమే అనుకోవడం సరికాదు. వారిద్దరికీ అన్నీ గుర్తుంటాయి, గుర్తుండనిది వారి వెనుక మిగిలినవారికి. మీ మిత్రుని భార్యకు ఈ బాకీ సంగతి తెలుసా? ఆమె వైపు నుంచి కూడా ఆలోచించండి. రేపు మీరే వెళ్లి అడిగితే ఆమె మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?

ధర్మవరం చీరల వ్యాపారి

మా ఊళ్లో పట్టు నూలు అరువుకు వస్తుంది, చీర అరువుకు వెళుతుంది, డబ్బు నెలల తర్వాత చేతికందుతుంది. అంతా నమ్మకం మీదే నడుస్తుంది గాని, ప్రతి పైసా ఏ రోజుకారోజు ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. అందుకు ఎవరూ నొచ్చుకోరు. ఉపాధ్యాయుల వారు మొదటి రోజునే రాయించి ఉంటే అది మామూలు పని అయ్యేది. మూడో ఏట అడుగుతున్నారు కనుకనే అనుమానంలా వినిపిస్తోంది. వడ్డీ వదులుకోవడం కూడా నాకు మెచ్చదగినదిగా తోచలేదు. నామమాత్రపు వడ్డీ ఉన్నచోట బాకీదారు తలెత్తుకొని తిరుగుతాడు, ఏమీ లేనిచోట అది ఉపకారమవుతుంది. ఉపకారం ఎంత తీర్చినా తీరినట్లు ఉండదు. పండుగ భోజనంలో ఆ మౌనం అందువల్లే వచ్చిందేమో. ఇంకొక మాట, కొందరు జాగ్రత్త పేరుతో ఖాళీ చెక్కు తీసుకుంటారు. చెక్కు చెల్లకపోతే రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉన్న కేసు అవుతుంది. స్నేహితునితో ఆ పని మాత్రం చేయవద్దు.

తాడిపత్రి రైతు

కడప అమ్మ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయితే నోటు వద్దన్న నా మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను. గుమాస్తా గారు చెప్పిన ఉత్తరం చాలు. స్టాంపు, సాక్షులు, అచ్చు ఫారం ఏవీ లేకుండా, ఆయనే తన మాటల్లో, చీనీ కాయ అమ్ముడుపోయాక ఇంత, మరుసటి పంటకు ఇంత అని రాసుకొనేలా చూడండి. తీర్చే దారి కూడా అందులో ఉంటే అది వడ్డీ వ్యాపారి కాగితంలా కనిపించదు. అసలు ఆ బోరులో నీళ్లు పడకపోయిన తర్వాత ఆయన తోట ఏమైందో మీరు ఎప్పుడైనా అడిగారా?

అనంతపురం ఉపాధ్యాయుడు

అడగలేదు. అడిగితే డబ్బు కోసమే అడిగానని అనుకుంటాడని అడగలేదు. ఈ ఆదివారం వాళ్ల ఊరికి వెళుతున్నాను, ముందుగా తోటకే వెళతాను. ఆయన భార్య కూడా ఉన్నప్పుడే మాట ఎత్తుతాను. గుమాస్తా గారి జవాబు చదివాక నిన్న బ్యాంకు పుస్తకం తీసి చూశాను. లక్ష పంపిన తేదీ అందులో ఉంది. యాభై వేలు ఇచ్చింది ఆ రోజా, బోరు బండి వచ్చిన రోజా అని ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. ఆయనకు గుర్తుందేమో అడగాలి.