తెలుగు వికీలో సముద్ర వ్యాసాలకు రాత నియమాలు: పేర్లు, అంకెలు, మూలాల సంగతి

తీరరేఖ:

తెలుగు వికీపీడియాలో సముద్ర చేపలు, బంగాళాఖాతం, తుపానులు, తీరప్రాంతం మీద ఉన్న వ్యాసాలను ఒక దారికి తెచ్చేందుకు ప్రాజెక్టు పేజీ మొదలవుతోంది. దానికి రాత నియమాలు తయారు చేయాలి. తటస్థంగా రాయాలి, మౌలిక పరిశోధన (ఎక్కడా అచ్చుకాని సొంత పరిశోధన) కూడదు, ప్రతి మాటకూ మూలం చూపాలి అన్న వాటి మీద పేచీ లేదు. అవి సముద్రం దగ్గరికొచ్చేసరికి ఎలా పనిచేస్తాయన్నదే చిక్కు.

ముఖ్యంగా మూడు చోట్ల బండి ఆగుతోంది. వ్యాసానికి వంజరం అని పేరు పెట్టాలా, శాస్త్రీయ నామం పెట్టాలా? ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు ఒక వ్యాసంలో 974 కి.మీ., ఇంకో వ్యాసంలో 1,053 కి.మీ. అని ఉంది. రెండింటికీ ప్రభుత్వ మూలాలే ఉన్నాయి. ఏది ఉంచాలి? మూడోది, మత్స్యకారులు నోటిమాటగా చెప్పే సంగతులు. అవి పుస్తకాల్లో దొరకవు, అవి లేకపోతే తెలుగు వ్యాసం ఇంగ్లీషు వ్యాసానికి నీడలా మిగిలిపోతుంది.

"ఇలా రాస్తే ఇక్కడ దెబ్బతింటుంది" అన్నంత వివరంగా చెప్పగలరా?

లంగరు:

పేర్ల గురించి చెబుతాను. మొత్తానికి ఒకటే నియమం పెట్టకండి. ఒక్కో పేరు కింద ఎన్ని జాతులున్నాయో చూసి నిర్ణయించాలి.

కానగంత తీసుకోండి. వాడుకలో ఆ పేరుకు ప్రధానంగా ఒకటే జాతి: రాస్ట్రెల్లిజర్ కనగుర్త. అలాంటప్పుడు తెలుగు పేరే శీర్షిక. కానాగంతలు, కనగుర్త, కానగుర్తలు అన్నీ దారిమార్పులు, అంటే వాటితో వెతికినా ఇదే పేజీకి చేర్చేవి. ఇక్కడ ఒక సంగతి వ్యాసంలో తప్పక రావాలి. ఆ శాస్త్రీయ నామంలో ఉన్నది తెలుగు మాటే. ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. చేపలకు ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లనే ఆయన పెట్టాడు. 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియర్ దాన్ని ఆధారం చేసుకుని ఈ జాతికి పేరు పెట్టాడు. ఇంత ఉండగా శీర్షిక "ఇండియన్ మాకెరెల్" అని పెట్టడం అన్యాయం.

వంజరం అలా కాదు. ఆ పేరు కింద స్కాంబెరోమోరస్ కమర్సన్, స్కాంబెరోమోరస్ గుట్టాటస్ రెండూ అమ్ముడవుతాయి. కాబట్టి "వంజరం" అన్నది గుంపు గురించిన వ్యాసం: రెండింటినీ పోల్చి, ఒకదాని మీద నిలువు చారలు, ఇంకోదాని మీద చుక్కలు అని తేడా చూపించాలి. విడి జాతుల వ్యాసాలకు శాస్త్రీయ నామాన్ని తెలుగు లిపిలో శీర్షికగా పెట్టండి. సొర, టేకు, నెత్తళ్లు, కవళ్లు ఇవన్నీ ఇదే బాపతు. నెత్తళ్లకు ఒకే జాతి పేరు తగిలించిన వ్యాసం కనిపిస్తే అది తప్పని వెంటనే అనుకోవచ్చు.

పులసది దీనికి తలకిందులు. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరద కాలంలో గోదావరికి ఎదురీదితే పులస. పేర్లు రెండు, జాతి ఒకటే: టెన్యుయలోసా ఇలిషా. వ్యాసం ఒకటే ఉండాలి. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత వంటకాలు, సంస్కృతి విభాగంలోకి వెళ్తుంది, రుచికి శాస్త్రీయ రుజువుగా కాదు.

ఇక శాస్త్రీయ నామాలు కూడా మారుతుంటాయి. తెల్ల చందువను ఎన్నో ఏళ్లు పాంపస్ అర్జెంటియస్ అన్నారు. ఉత్తర హిందూ మహాసముద్రంలో దొరికేది పాంపస్ కాండిడస్ అని 2019లో పరిశోధకులు వాదించారు. పరిశోధన పత్రం రాగానే శీర్షిక మార్చేయకండి. ప్రపంచ సముద్ర జాతుల పట్టిక, అదే వోర్మ్స్, దేన్ని చెల్లుబాటు నామంగా చూపిస్తుందో దాన్ని వాడి, చూసిన తేదీ మూలంలో రాయండి. పాత నామం దారిమార్పుగా, మొదటి పేరాలో పర్యాయంగా ఉండి తీరాలి, ఎందుకంటే పాత పుస్తకాలు చదివి వచ్చే విద్యార్థి ఆ పేరుతోనే వెతుకుతాడు.

ఇంకొక్క మాట: తిమింగలాలు "చేపలు" వర్గంలో ఉన్నాయేమో చూసుకుని తీసేయండి. తిమింగలం సొరను మాత్రం తీయకండి, అది చేపే.

తెరచాప:

అంకెల విషయానికి వద్దాం. 974, 1,053 రెండూ సరైనవే, తీరమూ అదే. పాత లెక్క, దేశం మొత్తానికి 7,516.6 కి.మీ., 1970లలో 1:45,00,000 స్కేలు మ్యాపుల మీద కొలిచింది. కొత్త లెక్క 11,098.81 కి.మీ., 1:2,50,000 స్కేలు మీద కొలిచింది. మ్యాపు వివరంగా ఉన్నకొద్దీ ప్రతి ఉప్పుటేరు నోరూ, ప్రతి ఇసుక దిబ్బ వంపూ లెక్కలోకి వస్తుంది, పొడవు పెరుగుతుంది. తీరం పెరిగిందనో, పాతవాళ్లు తప్పు కొలిచారనో రాస్తే అబద్ధం అవుతుంది. "1:2,50,000 స్కేలు కొలత ప్రకారం 1,053.07 కి.మీ., అంతకుముందు వాడుకలో ఉన్న లెక్క సుమారు 974 కి.మీ." అని రెండూ రాయండి. ముఖ్యం ఏంటంటే రెండు రాష్ట్రాల తీరాలను పోల్చేటప్పుడు ఒకదానికి పాత లెక్క, మరోదానికి కొత్త లెక్క పెట్టకూడదు. పట్టికల్లో ఇదే జరుగుతోంది.

బంగాళాఖాతం వైశాల్యం కూడా అంతే. ఒకచోట సుమారు 21.7 లక్షల చ.కి.మీ., మరోచోట 26 లక్షలు. ఏ గీత దాకా కొలిచారో చెప్పని వైశాల్యం దేనికీ పనికిరాదు. అంతర్జాతీయ జలపటాల సంస్థ 1953 నాటి సరిహద్దుల పుస్తకంలో దక్షిణపు గీత శ్రీలంకలోని డోండ్రా హెడ్ నుంచి సుమత్రా ఉత్తర కొసన ఉన్న పులావ్ బ్రాస్ దాకా ఉంటుంది. అండమాన్ సముద్రానికి వేరే సరిహద్దులు. వ్యాసంలో మొదట సరిహద్దు, తర్వాత అంకె.

తుపాను గాలులది అన్నిటికన్నా పెద్ద తగవు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. భారత వాతావరణ శాఖ ప్రకారం గరిష్ఠ గాలి వేగం గంటకు 185 కి.మీ., అమెరికా నావికాదళపు తుపాను కేంద్రం ప్రకారం 215. దీని మీద ఒకరు మార్చడం, ఇంకొకరు వెనక్కి తిప్పడం. శాఖ 3 నిమిషాల సగటు చూస్తుంది, అమెరికా కేంద్రం 1 నిమిషం సగటు చూస్తుంది. తక్కువ సేపు సగటు తీస్తే వేగం ఎక్కువే వస్తుంది. ఉత్తర హిందూ మహాసముద్రానికి అధికారిక ప్రాంతీయ కేంద్రం మన వాతావరణ శాఖే కాబట్టి దాని అంకె ముందు, "3 నిమిషాల సగటు" అన్న మాటతో సహా. రెండోది కూడా ఉండాలి, దాని సగటు కాలంతో.

అనువాద యంత్రం నుంచి వచ్చిన వ్యాసాల్లో ఇవి వెతకండి:

ఉప్పదనం "35%" అని ఉంటుంది. అసలు రాతలో ఉన్నది వెయ్యికి 35 అన్న గుర్తు, రెండు సున్నాలు అడుగున ఉన్నది (‰). నూటికి 35 అంటే ఆ నీళ్లలో చేప బతకదు. "కిలో నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు" అని మాటల్లోనే రాసేస్తే ఈ గొడవే ఉండదు.

లోతు "182.88 మీటర్లు" అని కనిపిస్తే అక్కడ మొదట 100 ఫాథమ్‌లు ఉండి ఉంటుంది. గుండ్రటి అంకెను సెంటీమీటర్ల దాకా మార్చడం తప్పు. "సుమారు 180 మీ." చాలు. ఫాథమ్ అంటే మన బారే. బారలలో చెప్పిన లోతు మూలంలో ఉంటే బార అనే రాసి, పక్కన సుమారు మీటర్లు ఇవ్వండి.

ఇవి కాక "చేపల పాఠశాల", "ఎత్తైన సముద్రాలు", "ఖండాంతర షెల్ఫ్". చేపల గుంపు, ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రం, ఖండతీరపు అంచు అని దిద్దుకోవాలి. చివరిది మన బడి పుస్తకాల్లో ఉన్న మాటే. పిల్లలు పరీక్షలో రాసే మాట ఒకటి, వికీలో కనబడేది ఇంకొకటి కాకూడదు.

తీరరేఖ:

లంగరు గారు, తెరచాప గారు, చాలా ఉపయోగపడింది. నోటిమాట సంగతి ఇంకా మిగిలింది. దానితోపాటు ఇంకో రెండు: తుపాను నడుస్తుండగా వ్యాసం రాయవచ్చా? సముద్రపు మ్యాపులు, ఫొటోలు ఎక్కడివి వాడాలి?

ఉప్పుటేరు:

నోటిమాట: శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒకే చేపకు నాలుగు పేర్లుంటాయి. అందులో ఎక్కువ భాగం అచ్చులో దొరకవు అనుకుంటారు గానీ, వెతికితే కొంత దొరుకుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ప్రచురణలు, మత్స్యశాఖ జాబితాలు ముందు చూడండి. అక్కడా లేని పేరును వ్యాసంలో కాకుండా వికీల ఉమ్మడి సమాచార నిల్వ అయిన వికీడేటాలో సామాన్య నామం అనే లక్షణం కింద, అదే పి1843, చేర్చండి. లేదా విక్షనరీలో పదంగా పెట్టి ఏ ఊరి వాడుకో రాయండి. చేపను పట్టుకుని దాని పేరు పలికిన వీడియోను వికీల ఉమ్మడి ఫైళ్ల నిల్వ అయిన కామన్స్‌లోకి ఎక్కిస్తే ఆ పేరు ఏ చేపదో తర్వాత ఎవరైనా సరిచూడగలరు. పేరు ఒక్కటే రాసుకొస్తే సరిచూడలేరు. రెక్కలు విప్పి, పక్కనుంచి తీసిన ఫొటో, పక్కన స్కేలు ఉండాలి. చెప్పినవారి అనుమతి తీసుకోవాలి, పేరు వద్దంటే పెట్టకూడదు.

నడుస్తున్న తుపాను: వ్యాసం రాయవచ్చు, హెచ్చరిక రాయకూడదు. "రేపు రాత్రికి ఫలానా చోట తీరం దాటుతుంది" అన్న వాక్యం ఆరు గంటల్లో పాతబడుతుంది, కానీ ఆ పేజీ కాపీలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. పడవ దింపాలా వద్దా అన్నది దాన్ని చూసి నిర్ణయించుకునే మనిషి ఉంటాడు. కాబట్టి జరిగినదే రాయాలి. ముందస్తు సమాచారానికి వాతావరణ శాఖ, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పేజీలకు లింకు ఇచ్చి ఊరుకోవాలి. సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి ఇన్‌కాయిస్‌లోనే ఉంది. సమయాలు భారత కాలమానంలో రాయండి. అంతర్జాతీయ సమయానికి 5:30 గంటలు కలపడం మరిస్తే తేదీయే తప్పుతుంది. 2004 డిసెంబరు 26 భూకంపం అంతర్జాతీయ సమయం 00:58కి, మనకు ఉదయం 6:28. తేదీ మారలేదు కాబట్టి అక్కడ తప్పు పడదు. మన కాలమానంలో రాత్రి ఒంటిగంటకు తీరం దాటిన తుపానుకు మాత్రం ముందురోజు తేదీ పడిపోతుంది.

లైసెన్సులు: చేపల సమాచార సైట్ ఫిష్‌బేస్ వాణిజ్యేతర లైసెన్సులో ఉంది, దాని వాక్యాలు గానీ బొమ్మలు గానీ వికీలోకి తేకూడదు. అంకెను మీ మాటల్లో రాసి మూలంగా చూపవచ్చు. వోర్మ్స్ పాఠ్యం, వేరుగా చెప్పనంతవరకు, పేరు ప్రస్తావించి వాడుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ సముద్ర సంస్థ ఉద్యోగులు తీసిన ఫొటోలు అందరివీ, కానీ ఆ సైట్‌లో బయటివాళ్ల ఫొటోలు కూడా ఉంటాయి, ఫొటో కింద పేరు చదవండి. రస్సెల్ బొమ్మలకు హక్కుల కాలం ఎప్పుడో తీరింది, నిశ్చింతగా వాడండి.

మ్యాపు మనమే గీసుకోవడం మేలు. గెబ్కో అనే అంతర్జాతీయ ప్రాజెక్టు ఇచ్చే సముద్రపు లోతుల డేటా అందరి సొత్తు. దాన్ని మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచి 200, 1000, 2000, 3000 మీటర్ల దగ్గర గీతలు తీసి, పేర్లు తెలుగులో వేసి, పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలు రకమైన ఎస్‌వీజీగా ఎక్కించండి. తెలుగు అక్షరాలను గీతలుగా మార్చకుండా పాఠ్యంగా ఉంచితే తర్వాత ఎవరైనా తప్పు దిద్దగలరు. సముద్ర సరిహద్దులు గీస్తే మాత్రం 2014 జులైకి ముందరి మ్యాపులను నమ్ముకోకండి. భారత్-బంగ్లాదేశ్ తీర్పు ఆ నెలలోనే వచ్చింది.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, సముద్రపు గుర్రాలు దొరికే చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా రాయకండి. ఫొటోల్లో ఫోన్ దాచిపెట్టే స్థాన సమాచారం కూడా ఎక్కించేముందు తుడిచేయండి. డిగ్రీలో పదో వంతు దాకా చాలు, అంటే సుమారు 11 కి.మీ. చదివేవాడికి అంతకుమించి అక్కర్లేదు, దొంగకే అక్కర.

తెరచాప:

ఉప్పుటేరు గారూ, అచ్చులో లేని పేర్లను వ్యాసం నుంచి పూర్తిగా తప్పించడంతో నేను ఏకీభవించను. సముద్ర వ్యాసాల్లో తీసేసిన పేరు మళ్లీ తిరిగి రాదు. ఆరు నెలలు "మూలం కావాలి" గుర్తుతో ఉంచుదాం.

ఉప్పుటేరు:

ఆ ఆరు నెలల్లోనే ఏదో ఒక పత్రిక వికీ చూసి ఆ పేరు రాస్తుంది. తర్వాత ఆ పత్రికనే మూలంగా తెచ్చి పెడతారు. మన తప్పుకు మనమే సాక్ష్యం పుట్టించినట్టవుతుంది. పేరును చర్చ పేజీలో ఉంచితే పోదు, వ్యాప్తీ చెందదు.

తెరచాప:

చర్చ పేజీలో "తీరం వాడుక పేర్లు" అని శాశ్వత విభాగం పెడితే నాకు సమ్మతమే. దాన్ని పాత చర్చల్లోకి తరలించకూడదని నియమంలో రాయాలి.

తీరరేఖ:

అది చేర్చాను. నమూనాగా కానగంత వ్యాసం మొదటి పేరా ఇలా రాశాను, చూడండి:

"కానగంత (శాస్త్రీయ నామం: రాస్ట్రెల్లిజర్ కనగుర్త క్యూవియర్, 1816) హిందూ మహాసముద్రం, పశ్చిమ పసిఫిక్‌లలో తీరానికి దగ్గరగా గుంపులుగా తిరిగే చేప. 35 సెం.మీ. వరకు పెరుగుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది."

లంగరు:

మూడు దిద్దుబాట్లు. 35 సెం.మీ. అన్నది ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ పట్టికలో ముట్టె కొస నుంచి తోక చీలిక దాకా కొలిచిన పొడవు. తోక చివరిదాకా కొలిస్తే ఎక్కువ వస్తుంది, కాబట్టి "తోక చీలిక దాకా" అని చేర్చండి. నిషేధం 61 రోజులన్నది నియమం మారితే మారేది, మొదటి పేరాలో వద్దు. చేపల వేట విభాగంలో ఏ సంవత్సరపు ఉత్తర్వో చెప్పి రాయండి.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ అర్థం మారుస్తుంది. క్యూవియర్, 1816 అన్నది దానికంటూ విడిగా కుండలీకరణాల్లో ఉండాలి. ఆయన ఈ చేపను స్కాంబర్ ప్రజాతిలో (దగ్గరి జాతులను కలిపిన గుంపులో) పెట్టాడు, తర్వాత వేరే ప్రజాతికి మార్చారు. ఆ మార్పును చెప్పేది ఆ కుండలీకరణాలే. తిమింగలం సొర, రింకోడాన్ టైపస్ పక్కన స్మిత్, 1828 కు అవి ఉండవు, ఎందుకంటే అది మొదట పెట్టిన ప్రజాతిలోనే ఉంది. అందంగా ఉంటుందని అన్నిటికీ ఒకేలా పెట్టడం గానీ తీసేయడం గానీ చేయకూడదు. మీ వాక్యంలో శాస్త్రీయ నామం ఎలాగూ కుండలీకరణాల్లోనే ఉంది, లోపల ఇంకో జత పెడితే గందరగోళం కాబట్టి దాన్ని సమాచారపెట్టెలోకి మార్చేయండి.