డిక్కీలో సబ్ వూఫర్ ఉన్నట్టుండి ఆగిపోయింది, యాంప్ లైటు మాత్రం పచ్చగానే ఉంది

మియాపూర్_స్విఫ్ట్:
అన్నలూ, ఈమధ్యే కారు బ్యాటరీ మార్పించాను. మార్చాక కూడా సబ్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) బాగానే మోగింది. మొన్న గచ్చిబౌలి నుంచి వస్తుంటే పాట మధ్యలో బేస్ పోయింది, మళ్లీ రాలేదు. డోర్ స్పీకర్లు మామూలుగానే ఉన్నాయి. 12 అంగుళాల సబ్, ఒకటే కాయిల్ (స్పీకర్‌ని కదిలించే తీగచుట్ట), 4 ఓమ్‌లు, దానికి ఒక మోనో యాంప్లిఫయర్. యాంప్ మీద పచ్చ లైటు వెలుగుతోంది, తేడా ఉంటే వచ్చే ఎర్రది రావట్లేదు. బిగించిన షాపువాళ్లు డిక్కీ కూడా తెరవకుండా యాంప్ పోయింది, కొత్తది వేయించుకో అంటున్నారు. ఏది ముందు చూడాలి? మియాపూర్, కూకట్‌పల్లి వైపు నమ్మకంగా చూసేవాళ్లెవరైనా ఉన్నారా? ఇదే అదనుగా సీటు కింద పెట్టే చిన్న వూఫర్‌కి మారిపోతే ఎట్లా ఉంటుంది?

బేస్_బాద్షా:
ఫ్యూజ్ పోయింది, రాసిపెట్టుకో. బ్యాటరీ పక్కన ఎర్ర వైరు మీద గాజు డబ్బాలాంటిది ఉంటుంది, దాంట్లో చూడు. 30 ఆంపియర్లది ఉంటే తీసేసి 60 వేసెయ్, ఈ జన్మలో మళ్లీ పోదు. నా బండిలో అట్లనే ఉంది, 1500 వాట్ల సెటప్, అద్దాలు ఊగుతాయి.

ఉప్పల్_వైర్‌మ్యాన్:
లైటు వెలుగుతోందని ఆయన రాశాక ఇంకా ఫ్యూజ్ ఏంది భాయ్? ఫ్యూజ్ పోతే లైటుకి కరెంటు ఎక్కడిది? పైగా 60 వేయమని సలహా ఒకటి. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ పెట్టేది యాంప్ కోసం కాదు, వైరు కోసం. కార్పెట్ కింద నుంచి డిక్కీ దాకా పోయే ఆ వైరు ఎక్కడన్నా ఒరుసుకుని బాడీకి తగిలితే, తట్టుకోలేని వైరు మీద 60 ఫ్యూజ్ నింపాదిగా కూర్చుంటుంది, వైరు మాత్రం అంటుకుంటుంది. అందుకే బ్యాటరీకి మూరెడు దూరంలోపే పెడతారు. మీ పాటల సరదాకి బండి కాల్చుకోకండి.

సైనిక్‌పురి_రాత్రిపక్షి:
నాకూ బ్యాటరీ మార్చాకే పోయింది. స్టీరియో సెట్టింగ్స్ మొత్తం మొదటికి వచ్చాయి, సబ్ అవుట్‌పుట్ దానంతట అదే ఆఫ్ అయింది. మెకానిక్ రెండు వేలు అడిగాడు, నేను మెనూలోకి వెళ్లి ఆన్ చేసుకున్నాను. ఒక్క పైసా ఇవ్వలేదు. ముందు అది చూడండి.

మియాపూర్_స్విఫ్ట్:
బ్యాటరీ మార్చాక కూడా మోగిందని పైన రాశాను బ్రో. అయినా చూశాను, ఆన్‌లోనే ఉంది, లెవెల్ కూడా తగ్గలేదు.

బేస్_బాద్షా:
వైర్‌మ్యాన్ గారూ, మీరు పుస్తకం చదివి చెప్తున్నారు, నేను బండి నడిపి చెప్తున్నా. ఇన్నేళ్లలో ఒక్కసారి పొగ రాలేదు.

ఉప్పల్_వైర్‌మ్యాన్:
పుస్తకం కాదు, పొద్దున లేస్తే నా పనే ఇది. సరే, నీ యాంప్ ఒంటికి ఉన్న ఫ్యూజ్ ఎంత?

బేస్_బాద్షా:
30. అయితే?

ఉప్పల్_వైర్‌మ్యాన్:
30 ఆంపియర్లు, ఇంజన్ నడుస్తుంటే 14 వోల్టులు అనుకో. గుణిస్తే 420 వాట్లు. అది లోపలికి వెళ్లేది. క్లాస్ డి యాంప్ అయితే ఎనభై శాతం బయటికొస్తుంది అనుకుందాం, 336. నిలకడగా నీకొచ్చేది అంతే. 1500 అనేది డబ్బా మీద అచ్చేసిన అంకె. ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు చూడాలి, మ్యాక్స్ కాదు. ఇంతకీ నీ వైరు రాగిదేనా? ఒక పోగు బ్లేడుతో గీకి చూడు, లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం మీద రాగిపూత. అదే లావు రాగి మోసే కరెంటు అది మోయలేదు. దాని మీద 60.

బేస్_బాద్షా:
అద్దాలు ఊగేది అంకెలతో కాదు సార్. ఒకసారి ట్యాంక్‌బండ్ మీదికి రండి, వినిపిస్తా. వచ్చే దమ్ముంటే.

మలక్‌పేట_మునక:
మీ కొట్లాట తర్వాత. నా అనుభవంలో సగం కేసులు ఎర్తే, అంటే యాంప్ నెగటివ్ వైరు కారు బాడీకి కలిసే చోటు. మా రైల్వే బ్రిడ్జి కింద నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, డిక్కీలో స్టెప్నీ గుంత నిండి ఎర్త్ బోల్టు తుప్పు పట్టిపోయింది. బోల్టు బిగించడం కాదు, కింద పెయింటు గీకి మెరిసే ఇనుము కనపడాలి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, పాట మోగుతుండగా యాంప్ ఎర్త్‌కి, బ్యాటరీ నెగటివ్‌కి మధ్య చూడండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ బాగాలేనట్టే.

సెల్లార్_బాధితుడు:
పోయిందే మంచిదైంది అంటే కోపం తెచ్చుకోకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన రాత్రి పదకొండుకి సెల్లార్‌లోకి వస్తాడు, రెండో అంతస్తులో మా గిన్నెలు మోగుతాయి. ఇళ్లున్న చోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటొద్దని రూలు ఉంది. ఎవడు వింటాడు?

బేస్_బాద్షా:
2024లో ఊరేగింపుల్లో డీజేలు బంద్ చేశారు, ఇప్పుడు కార్ల మీద పడ్డారా? పండక్కి కూడా చప్పుడు వద్దంటే ఎట్లా?

సెల్లార్_బాధితుడు:
మా సెల్లార్‌లో రోజూ పండగే.

సైనిక్‌పురి_రాత్రిపక్షి:
డీజేల గొడవ వేరే చర్చ పెట్టుకోండి ప్లీజ్.

ఈసీఐఎల్_అక్క:
తమ్ముడూ మియాపూర్, వీళ్లు తేల్చేలోపు నువ్వు కొత్త యాంప్ కొనేస్తావు. ఆగు. పచ్చ లైటు ఉందంటే కరెంటు, ఎర్త్, యాంప్‌ని ఆన్ చెయ్యడానికి స్టీరియో నుంచి వచ్చే రిమోట్ వైరు మూడూ అందుతున్నట్టే, ఎర్త్ వదులుగా ఉందేమో తర్వాత చూద్దువు. ఇక మిగిలింది పాట యాంప్ లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అన్నది. స్టీరియో నుంచి పాట తెచ్చే ఆర్‌సీఏ పిన్నులు పీకేసి, ఫోన్ నుంచి నేరుగా యాంప్‌కి పాట ఇవ్వు. యాంప్ మీది గెయిన్ (లెవెల్ నాబ్) తగ్గించి మొదలుపెట్టు. మోగిందంటే తప్పు స్టీరియోదో ఆ కేబుల్‌దో. మోగలేదా, యాంప్ ఆపేసి సబ్ వైర్లు రెండూ విప్పి మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి సబ్ టెర్మినల్స్ మీద ఆనించు. 4 ఓమ్‌ల కాయిల్ మూడుకీ నాలుగుకీ మధ్య చూపించాలి. ఏమీ చూపించకపోతే లోపల ఎక్కడో తెగింది. సున్నా దగ్గర చూపిస్తే కాయిల్ షార్ట్, కానీ అట్లయితే యాంప్ మీద ఎర్ర లైటు వచ్చుండేది. మీటరు పెట్టే ఉంచి కోన్‌ని, అంటే స్పీకర్ ముందుండే గిన్నెలాంటి భాగాన్ని, రెండు చేతులతో సమంగా మెల్లగా లోపలికి నొక్కి చూడు, గరగర అంటోందా, అంకె మారుతోందా గమనించు. కాలిన వాసన కూడా చూడు. మీటరు లేకపోతే 9 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించు, మంచి కాయిల్ అయితే కోన్ టప్పున కదులుతుంది.

మియాపూర్_స్విఫ్ట్:
అక్కా థాంక్స్, ఇందాకే చేశాను. ఫోన్ నుంచి ఇచ్చినా మోగలేదు. సబ్ మీద మీటరు ఏమీ చూపించలేదు. కానీ కోన్ నొక్కితే 3.6 వస్తోంది, వదిలితే పోతోంది! వాసన లేదు, గరగర లేదు.

ఈసీఐఎల్_అక్క:
అయితే యాంప్ జోలికి పోకు. కాయిల్ కూడా కాలలేదు. వెనక టెర్మినల్ నుంచి కోన్ దాకా జడలా అల్లిన మెత్తటి తీగ వేలాడుతుంటుంది చూడు, అది కోన్‌తో పాటు ఊగీ ఊగీ ఎక్కడో తెగి ఉంటుంది. పైకి బాగానే కనపడుతుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఆ తీగే మార్చాలి. మామూలు వైరు ముక్క అతికించారంటే వారం తిరగకుండా మళ్లీ తెగుతుంది, టంకం కూడా రెండు కొసలకే పెట్టాలి, వంగే చోటికి పారకూడదు. కోఠి గుజరాతీ గల్లీలో అడుగు, స్పీకర్ల సామాను అక్కడ దొరుకుతుంది.

బేస్_బాద్షా:
నేను మొదటే చెప్పాను, వైరు సమస్య అని.

ఉప్పల్_వైర్‌మ్యాన్:
నువ్వు చెప్పింది ఫ్యూజ్. పైకెళ్లి చదువుకో.

మలక్‌పేట_మునక:
తీగ వేయించేటప్పుడు ఎర్త్ కూడా ఒకసారి చూసుకోండి, ఎందుకైనా మంచిది.

మియాపూర్_స్విఫ్ట్:
రేపు సబ్ విప్పి కోఠి తీసుకెళ్తున్నాను. షాపువాడికి ఫోన్ చేసి 3.6 సంగతి చెప్తే, తీసుకొస్తే చూద్దాం అన్నాడు, యాంప్ మాటే ఎత్తలేదు. సీటు కింద వూఫర్ గురించి మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

ఈసీఐఎల్_అక్క:
డిక్కీ ఖాళీ అవుతుంది, పాటలకి సరిపోతుంది. 12 అంగుళాలు విన్న చెవికి దాని బేస్ ఆనదు. తీగ బాగైతే దీన్నే ఉంచుకో.

బేస్_బాద్షా:
అక్కా, ఒక డౌట్. నా యాంప్ అరగంటకే చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది, ఎర్ర లైటు వచ్చి ఆగిపోతోంది. రెండు సబ్‌లు కలిపి ఒకే యాంప్‌కి ఇచ్చాను. నార్మలేనా?

ఉప్పల్_వైర్‌మ్యాన్:
ఒక్కోటి 4 ఓమ్‌లదా, 2 ఓమ్‌లదా? ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి కలిపితే ఓమ్‌లు సగమై యాంప్ మీద భారం పెరుగుతుంది. యాంప్ ఎన్ని ఓమ్‌ల దాకా తట్టుకుంటుందో దాని మీదే రాసుంటుంది, చూసి చెప్పు. ముందు ఆ 60 పీకెయ్.