చల్లగా ఉంచితే ఈస్ట్ ఆయుష్షు పెరుగుతుందా?

నాచారం బేకరీ: మే నెలలో తెరిచిన డ్రై ఈస్ట్ ప్యాకెట్ అల్మారాలో పెట్టాను. మూడు వారాలకే పిండి పొంగడం మానేసింది. అదే రోజు తెరిచి ఫ్రిజ్‌లో పెట్టింది నాలుగు నెలలు పనిచేసింది. చల్లదనం ఆయుష్షు పెంచుతుందనడానికి ఇంకేం కావాలి?

మొగ్గకణం: ఒప్పుకోనన్నా. ఈస్ట్ తల్లికణం మొగ్గలు తొడిగి ఇన్ని పిల్లకణాలను కని ఆగిపోతుందని మార్టిమర్, జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే చూపించారు. పాతిక అటూఇటూ. ముసలితనం అంటే ఆ లెక్క. మా ల్యాబ్‌లో మేం 30 డిగ్రీల దగ్గర కణాలను పెంచి, సూదితో ఒక్కో పిల్లను పక్కకు జరిపి లెక్కపెడతాం. రాత్రికి ప్లేటును 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున మళ్లీ మొదలుపెడతాం. చలిలో ఆ లెక్క ఆగుతుందే కానీ పెరగదు.

మల్కాజిగిరి అమ్మ: ఇడ్లీ పిండి కూడా ఎండాకాలం తొందరగా పులుస్తుంది కదా.

మొగ్గకణం: అమ్మా, అది ఎక్కువగా బ్యాక్టీరియా పని.

నాచారం బేకరీ: ఇడ్లీ సంగతి వదిలెయ్ తమ్ముడూ. నా ప్యాకెట్‌లోది పిల్లల్ని కనడం లేదు, ఎండిపోయి నిద్రలో ఉంది. దానికి నీ పాతిక లెక్క ఎందుకు?

తార్నాక పాఠకుడు: వేడి ప్రతిసారీ చెడ్డది కాదు. 1998లో జజ్విన్‌స్కీ అనే శాస్త్రవేత్త బృందం లేత ఈస్ట్ కణాలకు మధ్యమధ్య కొద్దిసేపు వేడి తగిలిస్తే అవి ఎక్కువసార్లు విభజన చెందాయి.

నాచారం బేకరీ: అమ్మినవాడూ ఇలాగే మాట తప్పించాడు. ఎక్స్‌పైరీకి ఇంకా ఏడాది ఉంది, తప్పు మీదే అన్నాడు. రెండు రోజుల బన్ను పిండి పారబోశాను.

మొగ్గకణం: నా బాధ కూడా వినండి. ఒక రాత్రి ఇంక్యుబేటర్ వేడెక్కి నా కణాలన్నీ పోయాయి. ఈ రకం తొందరగా ముసలిదవుతుందని రాసుకోమన్నారు మా గైడ్. అవి ముసలివై పోలేదు, వేడికి చచ్చాయి! ఆ తేడా కోసం మూడు నెలలు కొట్లాడాను. మీరూ ఆ రెండూ కలిపేస్తున్నారు.

నాచారం బేకరీ: నేను అడిగేదీ అదే కదా! ముసలిదై పోతే అమ్మినవాడి తప్పు, వేడికి చస్తే నా తప్పు. నాది ఏది?

మొగ్గకణం: విభజన ఆపిన కణాలు ఎన్ని రోజులు బతుకుతాయన్నది ఇంకో లెక్క. అందులో వేడి పెరిగితే రోజులు తగ్గుతాయి. అక్కడ మీ మాటే నిజం, ముందే చెప్పాల్సింది. కానీ తెరిచిన ప్యాకెట్‌కు తేమ కూడా తగులుతుంది.

నాచారం బేకరీ: మే నెలలో హైదరాబాద్‌లో తేమ ఎక్కడిది?

మల్కాజిగిరి అమ్మ: అల్మారా ఎక్కడుంది బాబూ?

నాచారం బేకరీ: పాలు కాచే స్టవ్ పైన.