డి డ్రైవ్ ఫొటోలు పోకుండా లినక్స్ మింట్ వేయడం ఎట్లా?

అన్నలూ, అక్కలూ, మాది హనుమకొండ. ఇంట్లో నాలుగో తరం ఐ3 డెస్క్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే దానికి కావాల్సిన టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) మా దాంట్లో లేదు.

అందుకే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాను. వైఫై, సౌండ్ బాగానే వచ్చాయి. కానీ డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ కనిపించగానే మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. డి డ్రైవ్‌లో నాన్న ఫొటోలున్నాయి. ఆయన ఇప్పుడు లేరు, వాటికి వేరే కాపీ కూడా లేదు. ముందు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని అందులో ఎక్కిస్తాను, అది ఖాయం.

సి డ్రైవ్ వరకే ఫార్మాట్ చేసి మింట్ వేస్తే డి అలాగే ఉంటుందా? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే పార్టిషన్ల (డిస్క్ భాగాల) పేజీలో సి ఏదో, డి ఏదో ఎట్లా గుర్తుపట్టాలి? వాన పడితే మాకు కరెంటు పోతుంది, యూపీఎస్ పది నిమిషాలే ఆగుతుంది. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటినుంచి చేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది, చేసినవాళ్లు చెప్పండి.